పాతది అయ్యాకే కొత్తది

బ్రెడ్డు మేస్త్రి ఇంట్లో ఒక్క బ్రెడ్డు ముక్కకైనా బూజు పట్టిన రోజు లేదు. ఒక్క ముక్కైనా చెత్తబుట్టలో పడిన రోజూ లేదు. ఈ మాట ఎక్కువగా ఆయన నోటి నుంచే వినిపించేదన్నది నిజమే అయినా, కాదని అనగల మనిషి ఆ వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా వెతికినా దొరకడు.

ఆయన అసలు పేరు బ్యాంకు వాళ్ళకూ పోస్టుమనిషికీ తప్ప ఎవరికీ అవసరం పడలేదు. పల్లెటూరి బడిలో ఐదో తరగతి వరకు చదివి, చేతిలో ఒక్క సంచీతో పట్నం వచ్చి, బ్రెడ్డు ఫ్యాక్టరీలో ట్రేలు కడిగే పనిలో చేరాడు. పన్నెండేళ్ళు తిరిగేసరికి ప్యాకింగు హాలుకు మేస్త్రి అయ్యాడు. మరో పంతొమ్మిదేళ్ళు ఆ హాలును ఒంటి చేత్తో నడిపాడు. మొత్తం ముప్పై ఒక్క ఏళ్ళు. అందులో ఆలస్యంగా వెళ్ళింది ఒకే ఒక్క రోజు, అదీ కూతురు పుట్టిన రోజు, అదీ పది నిమిషాలు. డిగ్రీలు చదివి వచ్చిన ఆఫీసర్లు థర్మామీటరు గుచ్చి చూసే పనిని ఆయన చేతి వెనకభాగం ఆనించి తేల్చేసేవాడు. బ్రెడ్డు అడుగుకు చెయ్యి తాకించి, “చల్లారడానికి ఇంకో ఇరవై నిమిషాలు” అంటే ఇరవై నిమిషాలే. పద్దెనిమిది కాదు, ఇరవై రెండు కాదు.

బట్టీలోంచి వచ్చిన బ్రెడ్డు పూర్తిగా చల్లారేదాకా కవర్లో కట్టకూడదు. కడితే లోపల చెమట పడుతుంది. చెమట పట్టిన చోట మూడోనాటికి పచ్చగా బూజు లేస్తుంది. ఒకసారి వానాకాలంలో లారీలు గేటు దగ్గర వరసకట్టి హారన్లు కొడుతుంటే, కొత్తగా వచ్చిన ఆఫీసరు, “చల్లారింది చాలు, కట్టెయ్యండి” అని హుకుం వేశాడు. మేస్త్రి వెళ్ళి ప్యాకింగు మిషను ఆపే ఎర్ర బొత్తాం మీద అరచెయ్యి వేసి నిలబడ్డాడు.

“చదువుకున్నవాణ్ణి నేనా నువ్వా?” అన్నాడు ఆఫీసరు.

“చదువు మీది సార్. బ్రెడ్డు నాది,” అన్నాడు మేస్త్రి.

ఆ పూట ఆరు వేల బ్రెడ్లు దక్కాయి. మర్నాడు జనరల్ మేనేజరే హాల్లోకి దిగివచ్చి మేస్త్రి చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ ఏడాది చివర ఒక గోడ గడియారం బహుమానంగా ఇచ్చారు. అది ఆయన ముందుగదిలో తలుపుకు ఎదురుగా వేలాడుతుంది. పొరపాటున ఎవరైనా టైమెంతయిందని అడిగితే, గడియారం వైపు చూపించి ఆరు వేల బ్రెడ్ల కథ ఎత్తుకునేవాడు. అందుకని తెలిసినవాళ్ళు ఆ ఇంటికి వాచీ పెట్టుకునే వచ్చేవాళ్ళు.

రిటైరయ్యాక ఫ్యాక్టరీ లేదు, హాలు లేదు, చేతికింద ఇరవై మంది లేరు. అయినా విద్య ఊరికే ఎక్కడికి పోతుంది? అది వంటగదిలోకి వచ్చి కూర్చుంది. తనే చెక్కలు కోసి, గరుకు కాగితంతో రుద్ది, మూత బిగుతుగా పట్టేలా ఒక బ్రెడ్డు పెట్టె చేశాడు. దాన్ని పొయ్యికి దూరంగా, కిటికీ ఎండ పడని మూల అరలో పెట్టాడు. ఫ్రిజ్ మీద పెట్టనిచ్చేవాడు కాదు. “దాని వీపు వేడిగా ఉంటుంది, తెలుసా?” అనేవాడు. ఫ్రిజ్ లోపల అసలే పెట్టనివ్వడు. ఎదురింటి ఎలక్ట్రీషియను భార్య ఒకసారి, “అదేంటి మేస్త్రిగారూ, చల్లగా ఉంటే పాడవదు కదా?” అన్నందుకు అరగంట పాఠం చెప్పాడు.

“బూజు రాదమ్మా, ఒప్పుకుంటాను. కానీ బయట మూడు రోజులకు గట్టిపడేది ఫ్రిజ్లో ఒక్క రోజుకే చెక్కలా అవుతుంది. ఉంచుకోవాలనుకుంటే పైన గడ్డకట్టించే అర ఉంటుందే, అందులో పెట్టు. ముక్కలుగా విడదీసి, గాలి లేకుండా కవరు చుట్టి పెట్టు. కావలసినప్పుడు రెండు ముక్కలు తీసి నేరుగా పెనం మీద వెయ్యి. మధ్యలో ఈ చలీ కాదు, వేడీ కాదు అనే చోట మాత్రం వద్దు.”

ఇంకా బోలెడు ఉన్నాయి. తడి చేత్తో కవర్లో చెయ్యి పెట్టరాదు. కవరు మూతి మెలిపెట్టి, కిందికి మడిచి, దాని మీదే బ్రెడ్డును కూర్చోబెట్టాలి. అంచు ముక్కలు రెండూ ముందే తినెయ్యకూడదు, అవి తలుపుల్లాంటివి, చివరిదాకా అటొకటి ఇటొకటి కాపలా ఉండాలి. వారానికోసారి పెట్టెలో పొడి దులిపి, వెనిగరు తడిపిన గుడ్డతో తుడిచి, ఆరబెట్టాలి. ఒక్క ముక్క మీద బూజు కనిపించినా ఆ ముక్క గిల్లేసి మిగతాది తినడం మూర్ఖత్వం, మెత్తటి పదార్థంలో దాని వేళ్ళు కనిపించనంత దూరం పాకుతాయి. ఇవన్నీ ఆయన చెప్పి ఊరుకోలేదు, చేసి చూపించాడు. దుకాణంలో కొన్న మామూలు బ్రెడ్డు ఆ ఇంట్లో అయిదో రోజున కూడా తినడానికి పనికొచ్చేది.

ఆ పెట్టెకు మధ్యలో ఒక అడ్డుచెక్క ఉండేది. ఎడమ వైపు పాతది, కుడి వైపు కొత్తది. ఫ్యాక్టరీ గోడౌన్లో మొదటి రోజు నేర్చుకున్న సూత్రం అదే: ముందు వచ్చింది ముందు పోవాలి. పాతది అయ్యాకే కొత్తది.

ఫ్యాక్టరీ రోజుల్లో పనివాళ్ళకు సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు తలా ఒక బ్రెడ్డు ఇచ్చేవాళ్ళు. ఆదివారం సెలవు కాబట్టి ఆ రోజు మిగిలినవాటితోనే సరి. ఇంట్లో తినేవాళ్ళు ముగ్గురు, తనూ భార్యా చిన్నపిల్లా. ముగ్గురూ ఎంత తిన్నా రోజుకొక బ్రెడ్డు అవ్వదు. రోజూ నాలుగైదు ముక్కలు మిగిలేవి. మర్నాడు ముందు ఆ మిగిలినవి తినాలి. ఈలోగా సాయంత్రం ఇంకొకటి వచ్చి కుడివైపు కూర్చునేది. ఎడమ వైపుది అయ్యి కుడివైపు దాని వంతు వచ్చేసరికి అదీ ఒకటిన్నర రోజు పాతబడి ఉండేది. మేస్త్రి తెచ్చినప్పుడు వెచ్చగా, సంచీ తెరిస్తే గది అంతా వాసన వచ్చేలా ఉండేది. ఆ వాసన గదికి మాత్రమే. నోటికి వచ్చేది నిన్నటిది, మొన్నటిది.

అయితే ఒక్కటీ వృథా కాలేదు. అది చెప్పుకోదగ్గ సంగతి కాదా?

భార్య ఎన్నడూ ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పకపోవడమంటే ఒప్పుకోవడమేనని మేస్త్రి లెక్క. ఆమె మాటలు పొదుపుగా వాడే మనిషి. పెట్టె మూత సరిగ్గా వేసేది, కవరు మూతి ఆయన నేర్పినట్టే మెలిపెట్టేది, ఎడమ వైపు నుంచే తీసేది. కూతురికి పెళ్ళయి వేరే ఊరు వెళ్ళాక ఇద్దరే మిగిలారు. ఫ్యాక్టరీ బ్రెడ్డు ఆగిపోయాక మేస్త్రి వారానికి రెండుసార్లు దుకాణం నుంచి కొని తెచ్చేవాడు. ఎడమ వైపు ఆరు ముక్కలున్నా సరే, మంగళవారం మంగళవారమే, శుక్రవారం శుక్రవారమే. అలవాటు అలాంటిది.

ఆ ఏడాది ఎండాకాలం మొదట్లో భార్యకు పిత్తాశయంలో రాళ్ళని ఆపరేషను చేశారు. ఇంటికి పంపిస్తూ డాక్టరు, “కొన్నాళ్ళు నూనె వద్దు, కారం వద్దు. పాలల్లో బ్రెడ్డు ముంచి ఇవ్వండి, మెత్తగా” అన్నాడు. మేస్త్రి ఛాతీ రెండంగుళాలు పొంగింది. మందుల సంగతి ఎవరికైనా తెలుస్తుంది, బ్రెడ్డు సంగతి తనకంటే ఎవరికి తెలుసు? వస్తూ వస్తూ దుకాణంలో ఆ పొద్దున్నే దిగిన బ్రెడ్డు కొన్నాడు. తేదీ చూశాడు, అడుగున నొక్కి చూశాడు, కవరుకు లోపల ఆవిరి లేదని వెలుగులో పెట్టి చూశాడు. పెట్టెలో కుడివైపు పెట్టాడు.

సాయంత్రం భార్య మంచం మీది నుంచి, “ఏమండీ, ఆ కొత్తది తీసి ఒక ముక్క ఇవ్వరూ? గొంతు పట్టేసినట్టుంది, మెత్తగా ఉంటే దిగుతుంది,” అంది.

“మూడు ముక్కలున్నాయే పాతవి. అవి అవ్వనీ.”

“ఒక్క ముక్కే.”

“నువ్వు చూస్తూ ఉండు. కొత్తదానికీ దీనికీ తేడా కనుక్కో చూద్దాం,” అన్నాడు హుషారుగా.

పాత ముక్కల మీద చేత్తో నీళ్ళు చిలకరించాడు. గిన్నెలో పెట్టి మూత వేసి, సన్నటి మంట మీద ఆవిరి పట్టాడు. పాలు పోసి, చెంచాతో నొక్కి, ఉఫ్ ఉఫ్ అని ఊది తెచ్చి ఇచ్చాడు. నిజంగానే మెత్తగా వచ్చింది. అంత శ్రద్ధగా ఏ మొగుడు చేస్తాడు? ఆమె ఆ గిన్నె వైపు కాసేపు చూసింది. తరవాత తినేసింది.

“ఎలా ఉంది?” అన్నాడు.

“బాగుంది,” అంది.

మూడో రోజు మరదలు వచ్చింది. భార్యకు ఒక్కగానొక్క చెల్లెలు. మొగుడు పోయాక ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడుతూ బతుకుతున్న మనిషి. నోరు కత్తెర కంటే పదును. గుమ్మంలో అడుగుపెడుతూనే, “ఏం బావగారూ, మా అక్కను కూడా పెట్టెలో పెట్టి మూత వేశారా, కనిపించదేం?” అంది.

“వెనిగరు పెట్టి తుడిచి మరీ పెట్టాను. చెక్కుచెదరలేదు, చూసుకో,” అన్నాడు మేస్త్రి. బావా మరదళ్ళు కలిస్తే ఇలాగే ఉండేది.

మరదలు అక్క ముఖం చూసింది, నాడి చూసినట్టు చెయ్యి పట్టుకుని చూసింది. “మా ఇంటికి తీసుకుపోతాను బావగారూ. పది రోజులు ఉంచుకుని పంపిస్తాను. మీకు వంటే రాదు, ఈవిడ లేచి వండకుండా ఉండదు,” అంది. మేస్త్రికి అందులో తప్పేమీ కనిపించలేదు. భార్య సంచీలో రెండు జతల బట్టలు పెట్టుకుని ఆటో ఎక్కింది.

పది రోజులు పోయాయి. నెల పోయింది. ఫోను చేస్తే, “కుట్టు ఇంకా లాగుతోందండీ,” అంది ఒకసారి. “చెల్లికి పని ఎక్కువగా ఉంది, హుక్కులు కుట్టిపెడుతున్నాను,” అంది ఇంకోసారి. కూతురు ఫోనులో, “ఉండనియ్యి నాన్నా, అమ్మకు కాస్త విశ్రాంతి,” అంది. ఏడో వారంలో ఎదురింటి ఎలక్ట్రీషియను మెట్ల మీద కనిపించి, “మేస్త్రిగారూ, అమ్మగారు ఇంకా రాలేదా? పాపం, బ్రెడ్డుతోనే లాగిస్తున్నారా?” అన్నాడు. మామూలు మాటే. కానీ పక్కనే నిలబడి ఉన్న అతని భార్య ఆ మాటకు పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది మేస్త్రికి ఎక్కడో తగలకూడని చోట తగిలింది. ముప్పై ఒక్క ఏళ్ళు తలెత్తుకు తిరిగిన మనిషి! పెళ్ళాం చెల్లెలింటికి పోయి కూర్చుందని వీధి నవ్వుకునే రోజు వచ్చిందా? అంతకంటే లోపల ఇంకొక సంగతి ఉంది, అది ఆయన ఎవరికీ చెప్పలేదు. పొద్దున లేస్తే ఇంట్లో చప్పుడు ఉండడం లేదు. రెండు కప్పులు పెట్టే చోట ఒక కప్పు పెడుతుంటే ఆయన చెయ్యి ఆగిపోతోంది.

మర్నాడే చొక్కా ఇస్త్రీ చేసుకుని, దుకాణంలో కొత్త బ్రెడ్డు ఒకటి కొని, బస్సెక్కాడు. ఉత్త చేతులతో ఎలా వెళ్తాడు? ఇంట్లో మిగిలిన నాలుగు పాత ముక్కలు కాగితంలో చుట్టుకుని దారిలో తినేశాడు. భార్యను తీసుకునే తిరిగి రావాలి. ఆ సంగతిలో రెండో మాట లేదు.

మరదలిది మేడ మీద రెండు గదుల ఇల్లు. ముందుగదిలో సగం కుట్టుమిషను, సగం గుడ్డలు. కత్తిరించిన ముక్కలు కాళ్ళకు అడ్డుపడుతుంటాయి. భార్య కిటికీ పక్క చాప మీద కూర్చుని, నీలం గౌనుకు హుక్కులు కుడుతోంది. ఒళ్ళు కొంచెం చేసింది. చెంపల్లో రంగు వచ్చింది. మేస్త్రిని చూసి గభాలున లేచింది. లేవడంలో హుక్కులు కింద పడ్డాయి.

“వచ్చారా? చెప్పకుండా వచ్చారేం? చిక్కిపోయారు.”

“ఎక్కడ చిక్కాను? అలాగే ఉన్నాను.”

“చిక్కారు,” అంది. ఆ గొంతులో ఏముందో మేస్త్రికి తెలిసింది.

మరదలు మిషను ఆపకుండానే, “బావగారూ, మా అక్కను పార్సిలు కట్టించుకుపోవడానికి వచ్చినట్టున్నారు?” అంది.

“అవును. రసీదు రాసివ్వమంటే రాసిస్తాను.”

“నేనివ్వను. హుక్కులు కుట్టడంలో మా అక్క చెయ్యి పడితే చూడాలి, మిషను సిగ్గుపడుతుంది. ఆ వీధి చివరి హెడ్మిస్ట్రెస్సు ఉంది చూడండి, మా అక్క కుట్టిన గౌనే కావాలంటుంది.”

“పోనీ ఆ హెడ్మిస్ట్రెస్సుకే చెప్పు, మా ఇంటికొచ్చి కుట్టించుకోమని.”

భార్య నవ్వింది. మేస్త్రి ఆమె నవ్వు విని ఎన్నాళ్ళయిందో లెక్క వేసుకోబోయి మానుకున్నాడు. “ఇల్లెలా ఉందో ఏమో,” అంది ఆమె. “నాలుగింటికి బస్సుందిగా. దానికి వెళ్దాం. టీ పెడతాను, కూర్చోండి.” చెల్లెలు, “ఇంకో వారం ఉండవే,” అంటున్నా వినకుండా లోపలికి వెళ్ళి, దండెం మీది బట్టలు తీసి, మడతపెట్టి, సంచీలో సర్దింది. జిప్పు లాగిన చప్పుడు మేస్త్రికి ముందుగదిలోకి వినిపించింది. ఇంక పనైపోయినట్టే. వెళ్ళాక ఎలక్ట్రీషియను భార్య ముందు నుంచి ఒకటికి రెండుసార్లు అటూ ఇటూ తిరగాలనుకున్నాడు.

ఆ సంతోషంలో తెచ్చిన బ్రెడ్డు తీసుకుని భార్య వెనకే వంటగదిలోకి వెళ్ళాడు. వెళ్ళినవాడు ఫ్రిజ్ మీద చూశాడు.

ఫ్రిజ్ మీద ఒక బ్రెడ్డు ఉంది. కవరు మూతి బార్లా తెరుచుకుని ఉంది. అంచు ముక్క ఎప్పుడో మాయమైంది. ముందు ముక్క అంచులు ఎండి పైకి లేచాయి. కవరులోపల ఎవరో తడి చేత్తో ముట్టుకున్న మరక. మేస్త్రికి ఒంటి మీద తేళ్ళు పాకినట్టయింది.

“అయ్యయ్యో! ఏం చేశావమ్మా మరదలా! ఇది బ్రెడ్డనుకున్నావా, ఇటుకనుకున్నావా?” అని కేక పెట్టాడు.

“ఏదైతేనేం బావగారూ, పాడైతే పక్షులకు వేస్తాం,” అని ముందుగది నుంచి జవాబు వచ్చింది.

“పక్షులకు!” మేస్త్రి ఆ బ్రెడ్డును దించాడు. ముక్కలు లెక్కపెట్టాడు. అయిదు. ముందు ముక్కను వెనక్కి తిప్పి, ఎండిన వైపు లోపలికి పెట్టాడు, కవరులో గాలి నొక్కి తీశాడు, మూతి మెలిపెట్టి కిందికి మడిచి పొయ్యికి దూరంగా అర మీద కూర్చోబెట్టాడు. ఒకప్పుడు హాల్లో ఇరవై మంది చూస్తుండగా చేసినంత ఒడుపుగా చేశాడు. ఆయన వెనక పొయ్యి మీద టీ మరుగుతోంది. భార్య కత్తెర తీసుకుని, ఆయన తెచ్చిన కొత్త బ్రెడ్డు కవరు మూతి దగ్గర పెట్టింది.

“ఆగాగు! అది తెరవకు,” అన్నాడు మేస్త్రి. “ఇవి అయిదు ముక్కలున్నాయి. ముందు ఇవి కానివ్వు. పాతది అయ్యాకే...”

మాట పూర్తికాలేదు. భార్య కత్తెర అలాగే పట్టుకుని ఆయన ముఖంలోకి చూస్తోంది. కోపంగా కాదు. దారిలో చాలాదూరం నడిచి వచ్చి, వచ్చింది బయల్దేరిన చోటికేనని తెలిసిన మనిషి చూసినట్టు చూస్తోంది.

“ఈ ఇంట్లో కూడానా?” అంది.

“ఇల్లేదైతేనేం? బ్రెడ్డు బ్రెడ్డేగా.”

“మనం నాలుగింటికి వెళ్ళిపోతున్నామండీ.”

“వెళ్ళేలోగా తలా రెండు తింటే నాలుగు అయిపోతాయి. ఒకటి మరదలు...”

ఆమె మంట తగ్గించింది. “ఒక్క మాట అడుగుతాను. ఫ్యాక్టరీలో టీ టైముకు మీరేం తినేవారు?”

ఈ ప్రశ్న ఎందుకో మేస్త్రికి బోధపడలేదు. అయినా ఫ్యాక్టరీ గురించి అడిగితే చెప్పకుండా ఉండలేడు. “ఏముంటుంది? అచ్చులో సరిగ్గా పొంగనివి, పక్క ఒరిగినవి రోజూ పదో పదిహేనో వచ్చేవి. బయటికి పంపడానికి పనికిరావు. పారేస్తామా? తలా ఇంత తుంచుకుని తినేవాళ్ళం.”

“వేడివా?”

“వేడివే. అప్పుడే బట్టీలోంచి...” మేస్త్రి ఆగాడు.

“రోజూ.”

“రోజూ అంటే... ఉన్న రోజు.”

“మీ చొక్కాలు ఉతికింది నేనే కదా,” అంది ఆమె. గొంతు పెంచలేదు. “జేబులో తునకలుండేవి. మెత్తగా ఉండేవి. కొత్తలో వాటిని నోట్లో వేసుకునేదాన్ని. మొదటి రెండు మూడేళ్ళు. తరవాత సిగ్గేసింది. నీళ్ళల్లో దులిపేసేదాన్ని.”

ముందుగదిలో మిషను ఆగింది.

ముప్పై ఒక్క ఏళ్ళూ మేస్త్రి ఆ రెండింటినీ ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. అక్కడ తిన్నది పని చోట తిన్నది. ఇంట్లో తిన్నది ఇంటి పద్ధతి. ఒకదాన్ని ఇంకొకదానితో పోల్చాలని ఎవరు చెప్పారు? “అడిగితే నేను కాదన్నానా?” అన్నాడు చివరికి.

“పిల్ల కడుపులో ఉన్నప్పుడు అడిగాను. గోడౌను సూత్రం చెప్పారు. ఇంకోసారి అడిగితే ఆరు వేల బ్రెడ్ల కథ చెప్పారు.” ఆమె పొయ్యి మీది టీ దించి, “మొన్న కడుపు కోసి కుట్టినప్పుడు అడిగాను,” అంది.

“అప్పుడు మూడు ముక్కలున్నాయి కదా! చేతులారా ఆవిరి పట్టి, ఊది...”

“అవును. చాలా బాగా చేశారు. అందుకే ఏమీ అనలేకపోయాను.”

“నేనేం నా కోసం చేశానా? ఒక్క ముక్క వృథా కాకూడదని. ఈ చేత్తో ఒక్కటి పారేశానా చెప్పు?”

“లేదండీ. ఏదీ వృథా కాలేదు. నిజమే.”

ఆమె కత్తెరతో కొత్త కవరు కత్తిరించింది. సర్రుమని చప్పుడైంది. మధ్యలోంచి రెండు ముక్కలు తీసి పళ్ళెంలో పెట్టి, పక్కన టీ పెట్టి, పీట లాగింది. “కూర్చోండి. తినండి,” అంది. తను ఇంకొక ముక్క తీసుకుని, నిలబడే, కిటికీలోంచి చూస్తూ, తుంచుకుని తుంచుకుని తింది. తొందరేమీ లేనట్టు, పక్కనెవరూ లేనట్టు తింది.

మేస్త్రి కూర్చున్నాడు. ముక్క చేతిలోకి తీసుకుంటే వేళ్ళు లోపలికి దిగాయి. నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడు చెప్పవలసిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇక మీదట ఆ అడ్డుచెక్క ఊడబీకేస్తాను, ఏ రోజుది ఆ రోజే తిందాం, పద, అని. చెప్పి ఉంటే ఏమయ్యేదో. కానీ గుమ్మంలో మరదలు వచ్చి నిలబడి ఉంది, టేపు మెడలో వేసుకుని, ఈసారి నోరు విప్పకుండా. ఆమె ముందు తల వంచడమా? జనరల్ మేనేజరే దిగివచ్చి చెయ్యి పట్టుకున్న మనిషి, ఒక బ్రెడ్డు ముక్క దగ్గర తప్పు ఒప్పుకోవడమా? మాటకు బదులు ఆయన రెండో ముక్కను వేలితో నొక్కి చూశాడు. అది నెమ్మదిగా తిరిగి పైకి లేచింది.

“బాగా చల్లార్చి కట్టారు,” అన్నాడు.

భార్య పళ్ళెం తీసి కడిగింది. చేతులు తుడుచుకుని లోపలి గదిలోకి వెళ్ళింది. జిప్పు మళ్ళీ లాగిన చప్పుడు వచ్చింది. మేస్త్రి లేచి వెళ్ళి చూసేసరికి, సంచీలో సర్దిన బట్టలు ఒక్కొక్కటే తీసి దండెం మీద వేస్తోంది.

“మరి నాలుగింటి బస్సు?” అన్నాడు.

“ఉంది కదండీ. మీకు టైము సరిపోతుంది.”

“నువ్వు?”

“చెల్లి దగ్గర పని చాలా ఉంది.”

“ఎప్పుడొస్తావు?”

ఆమె ఒక చీర అంచులు సమంగా కలిపి, కొట్టి, మడత సరిచేసింది. “తెలీదండీ,” అంది. “వస్తే చెప్పే వస్తాను.”

“నలుగురూ ఏమనుకుంటారే?”

అంతవరకు ఆమె కళ్ళల్లో కొంచెం తడి ఉన్నట్టుంది. ఆ మాటతో అది ఆరిపోయింది. “ఏమైనా అనుకోనివ్వండి,” అని చాప మీదికి వెళ్ళి, పడిన హుక్కులు ఏరుకుని, నీలం గౌను ఒళ్ళో పెట్టుకుంది.

మరదలు మెట్ల దాకా వచ్చింది. ఎప్పుడూ ఏదో ఒకటి అనకుండా పంపని మనిషి, “జాగ్రత్తగా దిగండి బావగారూ, మూడో మెట్టు ఊగుతుంది,” అని మాత్రం అంది.

బస్టాపు ఆ సందు మొగకు ఎదురుగానే ఉంది. అక్కడ నిలబడితే మేడ మెట్లు కనిపిస్తాయి. మేస్త్రి బెంచీ మీద కూర్చోకుండా, చొక్కా మడతలు సరిచేసుకుని నిలబడ్డాడు. నాలుగింటి బస్సు వచ్చింది. కండక్టరు, “ఎక్కుతారా పెద్దాయనా?” అని అరిచాడు. “నువ్వు పో,” అన్నాడు మేస్త్రి. అయిదింటిది వచ్చింది. దాన్నీ పోనిచ్చాడు. మెట్ల మీద ఎవరో అమ్మాయి కుట్టిన గౌను తీసుకుని దిగి వెళ్ళింది. మేడ మీద కిటికీలోంచి మిషను చప్పుడు ఆగకుండా వస్తూనే ఉంది. ఆరింటి బస్సే ఆఖరిదని పక్కనున్నాయన చెప్పాడు. అది వచ్చినప్పుడు మేస్త్రి ఒకసారి సందులోకి చూసి, ఎక్కి, ఇద్దరు కూర్చునే సీటులో కిటికీ వైపు జరిగి కూర్చున్నాడు.